తోరణానికి ఇరవై ఒక్క ఆకులు

మార్గశిర మాసం వచ్చిందంటే మా ఇంట్లో మామిడాకుకు గిరాకీ. గురువారాన్ని మా విజయనగరం వైపు లక్ష్మివారమంటాము. ఆ నెలలో నాలుగో అయిదో లక్ష్మివారాలు వస్తాయి. ప్రతి వారమూ తెల్లవారకముందే లేచి, గడప కడిగి, ముగ్గు పెట్టి, గుమ్మానికి పచ్చ తోరణం కట్టి అమ్మవారిని లోపలికి పిలవాలి. విశాఖపట్నం బురుజుపేటలో కనకమహాలక్ష్మి గుడి దగ్గర ఆ నెల పొడుగునా జనమే. పోయిన వారం తోరణం ఈ వారానికి పనికిరాదు. అంచేత ప్రతి బుధవారం సాయంత్రమూ పచ్చి ఆకు ఇంటికి రావలసిందే.

బజారులో కట్టలు అమ్ముతారు, కొనుక్కోవచ్చు. కాని మాకు భోగాపురంలో ఎకరంన్నర తోట వుంది. తోట పెట్టుకుని ఆకు కొనడమంటే మా అత్తగారి దృష్టిలో, ఇంట్లో ఆవు వుండగా పాలపొడి కలుపుకోవడంలాంటిది. ఆవిడకిప్పుడు ఎనభై రెండేళ్ళు. తోటకు వెళ్ళడం మానేసి మూడేళ్ళయింది. అయినా ఏ చెట్టు ఏ మూల వున్నదో, దేని ఆకు వెడల్పో, దేని ఆకు మెలితిరుగుతుందో మంచం మీద కూర్చునే చెబుతారు.

ఈ సంవత్సరం కార్తీకం వెళ్ళగానే తోట పనికి మనుషుల్ని మాట్లాడబోతూ వుంటే మా మరిది ఫోను చేశాడు.

"వదినా, ఈ ఏడు తోటకు డబ్బు పెట్టకండి. సంక్రాంతి లోపల బేరం తెగేలా వుంది. అమ్మే నేలకు ఎరువెందుకు?"

అతని మాటలో తప్పేమీ లేదు. భోగాపురం దగ్గర విమానాశ్రయం మాట 2015లో పుట్టినప్పటినుంచీ అక్కడి నేల నేలగా లేదు, బంగారమయింది. 2019లో ఒకసారి, మళ్ళీ 2023 మే 3న ఒకసారి శంకుస్థాపన జరిగింది. అల్లూరి సీతారామరాజు పేరు పెట్టారు. గూడెపువలస, కంచేరు, కవులవాడ, రావాడ వైపు ఎందరి తోటలో అందులో కలిసిపోయాయి. మాది ఆ గీతకు ఇవతల పడింది. ఇవతల పడ్డవారికి వుండే బాధ వేరు: నెలకో మనిషి వచ్చి, చెట్లకేసి చూడకుండా, కంచె పొడుగు అడుగులతో కొలిచి వెళుతూ వుంటాడు.

అమ్మడమా మానడమా అన్నది నేనొక్కదాన్నీ తేల్చేది కాదు. కాని తోటకు చలికాలపు పని అన్నది బేరం తెగేవరకు ఆగదు. ఆగితే ఏమవుతుందో నాకు ఒకసారి బాగా తెలిసివచ్చింది. ఆ కథ చెప్పి పనిలోకి వస్తాను.

నేను కాపురానికి వచ్చిన కొత్తలో మొదటి మార్గశిర మాసంలో నన్ను తోటకు పంపి ఆకు తెమ్మన్నారు. పట్నంలో పెరిగినదాన్ని. చేతికందిన కొమ్మల చివరలు పట్టుకుని పుటుక్కు పుటుక్కున విరిచి, ఒక్కో కొసకు పది పన్నెండు ఆకులుండగా బుట్ట నింపేశాను. పావుగంటలో పని అయిపోయిందని నాలో నేనే మెచ్చుకున్నాను. తోట కాసే తాత దూరంనుంచి చూసి, "ఏటి తల్లీ, కొమ్మలిరిచేస్తన్నావు?" అన్నాడు. అతను నవ్వుతున్నాడనుకున్నాను గాని నవ్వడం లేదు. అత్తగారు బుట్టలోకి చూశారు. చూసి ఏమీ అనలేదు. నాలుగు వారాలూ అలాగే తెచ్చాను.

ఫాల్గుణంలో అందరం తోటకు వెళ్ళాము. సువర్ణరేఖ చెట్లన్నీ పిందె పట్టి వున్నాయి. బావి దగ్గరి చెట్టు మాత్రం పైన పిందె, కింద బోడి. నా చెయ్యి అందినంత మేర ఎవరో గీత గీసినట్టుగా బోడి. అత్తగారు అప్పుడు కూడా గట్టిగా ఏమీ అనలేదు. "మామిడికి పూత కొమ్మ కొసనే వస్తుందమ్మా" అన్నారు, అంతే.

తరవాత తెలుసుకున్నాను. వానాకాలంలో వేసిన కొత్త రెమ్మ మూడు నాలుగు నెలలు ముదిరి, చలి తగలగానే ఆ రెమ్మ చివర మొగ్గలోనుంచే పూత వెలువడుతుంది. అంటే మార్గశిరంలో మనం విరిచే ఆ కొస, పైకి ఆకుల గుత్తిలా కనబడుతున్నా, లోపల రాబోయే పూత. బజారులో అమ్మే కట్టలు ఎక్కువగా అలా విరిచిన కొసలే. అందుకే చెప్పడం: ఆకు ఆకుగా కొయ్యాలి, రెమ్మగా విరవకూడదు. కోసేది కూడా చెట్టు లోపలి వైపు, నీడలో వున్న రెమ్మలనుంచి, మొదట్లో నీళ్ళ కొమ్మలుగా లేచిన వాటినుంచి. వాటికి పూత రాదు. ఆకులు పెద్దవిగా, మచ్చ లేకుండా వుంటాయి కూడా. తోరణానికి కావలసిందీ అదే.

మరి ఏ ఆకు? రాగిరంగు లేతాకు చూడ్డానికి ముద్దుగా వుంటుంది, మధ్యాహ్నానికల్లా చేతిగుడ్డలా వేలాడుతుంది. మరీ ముదురాకు మడిస్తే పెళుక్కుమంటుంది. ముదురుపచ్చగా మారి, ఈనె గట్టిపడి, మడిస్తే వంగి విరగనిది మన ఆకు. మామిడాకుమీద సన్నని మైనపు పూతలాంటిది వుంటుంది. అందుకే తెంపిన తరవాత కూడా దానిలో తడి తొందరగా పోదు. వేపాకు తోరణం సాయంత్రానికి ముడుచుకుపోతే మామిడాకు మూడు రోజులు నిలిచేది ఇందుకే. తోరణం కడితే ఇంట్లో గాలి శుద్ధి అవుతుందని ఈమధ్య చాలామంది శాస్త్రం చెబుతున్నారు. తెంపిన ఆకు ఇరవై ఒకటీ కలిసి మన ఇంటి గాలిని ఏపాటి శుద్ధి చేస్తాయో నాకైతే నమ్మకం లేదు. గుమ్మం నిండుగా కనబడుతుంది, అది చాలదూ?

సాయంత్రం, ఎండ తగ్గాక కొయ్యండి. తొడిమ అంగుళం వుంచి గోటితో తుంచాలి. తుంచినచోట జీడి కారుతుంది, అది బట్టకు పడితే పోదు. పాత చీర కట్టుకుని వెళ్ళండి. ఇంటికి తెచ్చి తడిగుడ్డతో ఒక్కొక్క ఆకూ తుడిచి, ఆ గుడ్డలోనే చుట్టి నేలమీద చల్లగా వుంచితే తెల్లారి కట్టుకోవచ్చు.

కట్టడానికి దారం వద్దు. దారం జారుతుంది. కొబ్బరి పీచు తాడుగాని, తడిపిన అరటినారగాని గుమ్మం వెడల్పుకు మూర ఎక్కువగా తీసుకోండి. ఆకు తొడిమ వైపు రెండంగుళాలు తాడుమీదుగా వెనక్కు మడిచి, కొబ్బరి ఈనె ముక్కను గుండుసూదిలా ఒకసారి లోపలికి, ఒకసారి బయటికి గుచ్చాలి. ఆకు నున్నని ముఖం వీధివైపు వుండాలి. నాలుగేళ్ళ ఎడం వుంచితే ఆకు ఆకు తగలకుండా గాలికి ఆడుతుంది. మధ్యన మూడు ఆకులు ఒకచోట గుచ్చి, కింద ఒక బంతిపువ్వు వేలాడదీస్తే అందం. ఇనుప స్టేపులు కొట్టడం ఇప్పటివాళ్ళకు అలవాటయింది. వాడిన తోరణం చెట్టుపాదులో వేస్తాము గనక నాకు ఇనుపముక్క ఇష్టం వుండదు. ఈనె అయితే ఆకుతోపాటే మట్టిలో కలిసిపోతుంది.

మొత్తం ఇరవై ఒకటి వుండాలని మా అత్తగారి లెక్క. ఎందుకని అడిగితే, "మా అత్తగారు అలాగే కట్టేవారు" అంటారు.

తోట పనిలోకి వస్తాను. ఇంగ్లీషు పుస్తకాల్లో చలికాలానికి తోటను సిద్ధం చేయడమంటే మంచు పడకుండా మొక్కలకు గోనెలు చుట్టడం, దుంపలు తవ్వి లోపల పెట్టుకోవడం. అక్కడ చెట్లు ఆకు రాల్చి మోడులవుతాయి. అందుకే ఎప్పుడూ పచ్చగా వుండే కొమ్మ వాళ్ళకంత అపురూపం. మా సముద్రపు ఒడ్డున చలికాలానికి పచ్చదనం కొరత లేదు. మాకు భయం దానికి ముందు వచ్చే గాలి. ఆశ్వయుజ కార్తీకాలు దాటి నిలిచిన చెట్టే చలికాలం చూస్తుంది.

2014 అక్టోబరు 12, ఆదివారం. హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నం దగ్గర తీరం దాటింది. గంటకు 180 కిలోమీటర్ల దరిదాపుల గాలి అన్నారు. ఆ లెక్క మాకు తరవాత తెలిసింది. ఆవేళ తెలిసిందల్లా చప్పుడే. నాలుగో రోజున దారి తెరిపిన పడ్డాక తోటకు వెళితే, పడిపోయిన చెట్లకంటె నిలబడ్డ చెట్లు నన్ను ఎక్కువ బెదిరించాయి. ఒక్క ఆకు లేదు. మిగిలిన ఒకటీ అరా ఉప్పుగాలికి మాడి, ఎవరో మంట పెట్టినట్టు గోధుమరంగుకు తిరిగాయి. మామిళ్ళు ఇరవై రెండింటిలో తొమ్మిది పోయాయి. బావి దగ్గరి చెట్టు, నేను కొసలు విరిచిన చెట్టు, వేళ్ళు సగం పైకి లేచి పక్కకు ఒరిగి వుంది.

మా మరిది అప్పుడు కూడా లెక్క చూశాడు: దుంగకు ఇంత వస్తుంది, వంటచెరుకుకు ఇంత వస్తుంది. తాత మాత్రం "ఒగ్గీకండి బావూ, ఇంకా పేణముంది" అన్నాడు. పైకి లేచిన వేళ్ళమీద అప్పటికే తడిగడ్డి కప్పి వుంచాడు. చీలిన వేళ్ళను కత్తితో నున్నగా కోశాడు. పై కొమ్మలను సగానికి సగం తీసేశాడు. వేళ్ళు తెగిన చెట్టు అంత తలను మోయలేదు గదా. మనుషులు ఆరుగురు మోకులు వేసి, ఒక్కసారిగా గాక పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా కొంచెం కొంచెంగా లాగి నిలబెట్టారు. మూడు వైపులా సరుగుడు వాసాలు పోటు పెట్టారు. మొదలుకు మట్టి ఎత్తుగా ఎగదోసి, నీడ లేక ఎండకు పగిలిపోకుండా మానుకు సున్నం పూశారు. మరుసటి వానాకాలానికి చిగురు వేసింది. మూడో ఏడు పూసింది.

2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస వైపు తీరం దాటినప్పుడు మాకు పెద్ద నష్టం లేదు. ఉద్దానం కొబ్బరి తోటలు నేలమట్టమయ్యాయి. మామిడి కొమ్మ కోల్పోతే మళ్ళీ వేస్తుంది. తల విరిగిన కొబ్బరి మళ్ళీ లేవదు. కొత్త మొక్క పెడితే కాపుకు అయిదారేళ్ళు, ఏడేళ్ళు. ఆ ఏళ్ళన్నీ ఆ ఇంటివాళ్ళు ఏం తినాలి? కొబ్బరి అమ్మి ఆడపిల్ల పెళ్ళి చేద్దామనుకున్నవాళ్ళను నేనెరుగుదును.

గాలి తట్టుకోవడానికి కొమ్మలు పలచబరిచే పని చలికాలంలో చెయ్యకూడదు. కాయ కోత అయిపోయాక, జూన్ జూలైల్లో చెయ్యాలి. అప్పుడు నడిమధ్య ఇరుకుగా వున్న కొమ్మలు తీస్తే గాలి దూరిపోవడానికి దారి వుంటుంది. ఇప్పుడు మార్గశిరంలో తీసేది ఎండుకొమ్మ, పుచ్చుకొమ్మ మాత్రమే. పచ్చి కొస జోలికి పోకండి. నేను చెప్పిన బోడి గీత గుర్తుంచుకోండి.

లావు కొమ్మ కోసేటప్పుడు ముందుగా కిందివైపు రంపంతో ఒక గాటు పెట్టి, తరవాత పైనుంచి కొయ్యాలి. లేకపోతే బరువుకు విరిగి మాను బెరడు చీల్చుకుంటూ పోతుంది. కోసిన గాయానికి బోర్డో ముద్ద రాయాలి. పేరు చూసి కంగారుపడకండి, ఇంట్లో చేసుకునేదే. వంద గ్రాముల మైలుతుత్తం అరలీటరు నీళ్ళలో, వంద గ్రాముల పొడిసున్నం ఇంకో అరలీటరులో విడివిడిగా కరిగించి, రెండూ ఒకేసారి మూడో పాత్రలోకి పోస్తూ కలపాలి. పాత్ర ఇనుముదీ రేకుదీ వద్దు, ప్లాస్టిక్కు బకెట్టో మట్టికుండో మేలు. కలిపాక ఇనప చాకు ఒక నిమిషం ముంచి చూడండి. దానిమీద ఎర్రగా రాగి పేరుకుంటే ఇంకొంచెం సున్నం కలపాలి. ఏ రోజుది ఆ రోజే వాడెయ్యాలి. పిల్లలకు అందనివ్వకండి, చూడ్డానికి నీలంగా అందంగా వుంటుంది.

అన్నట్టు దీని కథ తమాషాగా వుంటుంది. ఫ్రాన్సులో బోర్డో ప్రాంతపు ద్రాక్షతోటలవాళ్ళు దారినపోయేవాళ్ళు పళ్ళు దొంగిలించకుండా, దారి పక్క తీగలకు ఈ మైలుతుత్తమూ సున్నమూ చల్లేవారట, చూసి ఏదో విషమనుకుని జడుస్తారని. తోటంతా తెగులు వచ్చి ఆకు రాలితే దారి పక్క తీగలు మాత్రం పచ్చగా వున్నాయి. మిల్లార్డె అనే ఆచార్యుడు అది చూసి, 1885లో ఆ మందును లోకానికి చెప్పాడు. దొంగల ధర్మమా అని మనకు మందు దొరికింది.

నీళ్ళ సంగతి. ఇది చెబితే పట్నంలో పెరటిచెట్టు వున్నవాళ్ళు నమ్మరు. కాపుకు వచ్చిన మామిడికి కార్తీకంనుంచి నీళ్ళు పెట్టకండి. పూత వచ్చి, పిందె బఠాణీ గింజంత అయ్యేదాకా పెట్టకండి. చెట్టుకు కాస్త దాహం వెయ్యాలి. ఆ చలీ ఆ దాహమూ కలిస్తేనే పూత. జాలిపడి బొక్కెనలు బొక్కెనలు గుమ్మరిస్తే అది సంతోషంగా ఎర్రని లేతాకు వేసి వూరుకుంటుంది. కాపుకు రాని చిన్న మొక్కలకు మాత్రం నీళ్ళు మానకూడదు. వానలు వెనకపట్టాక చెట్ల మధ్య నేల ఒకసారి పైపైన దున్నిస్తే కలుపూ పోతుంది, నేలలో తడీ నిలుస్తుంది. లోతుగా దున్నితే పైనున్న పీచువేళ్ళు తెగుతాయి.

కొబ్బరికి అలా కాదు, దానికి తడి కావాలి. మా ఎర్ర ఇసుకలో నీళ్ళు పోస్తే పోసినట్టే దిగిపోతాయి. కొబ్బరి డొక్కలు పారెయ్యకుండా, చెట్టుకు అయిదారడుగుల దూరంలో చుట్టూ గాడి తవ్వి, గుంటవైపు పైకి వుండేలా పరిచి మట్టి కప్పుతాము. దొన్నెల్లా నీళ్ళు పట్టివుంచుతాయి. పెంటకుప్ప వుంటే ఈ నెలలోనే తిరగెయ్యండి. బొటనవేలంత లావు తెల్లపురుగులు కనబడితే అవి ఎరువుకు మేలు చేసేవి కావు, కొబ్బరి మొవ్వు తినే కొమ్ముపురుగు పిల్లలు. మా తాత వాటిని ఏరి కోళ్ళకు వేస్తాడు, కోళ్ళు అతన్ని చూస్తే చాలు వెంటపడతాయి.

జీడిమామిడి ఎండు పుల్లలు ఏరి కుప్ప పెడితే భోగిమంటకు పనికివస్తాయి. అందులో జీడిపిక్కల డొల్లలు మాత్రం వెయ్యకండి. ఆ నూనెకు ఒళ్ళు పొక్కుతుంది, పొగ కళ్ళకు మంచిది కాదు. రాలిన ఆకును కూడా మంటపాలు చెయ్యడం నాకు నచ్చదు. చెట్టుపాదుల్లో మందంగా పరిస్తే ఎండాకాలానికి అదే దుప్పటి. కంచెలో కిత్తనార చచ్చినచోట కొత్త పిలకలు నాటాము. మోటారు పాకకు తాటాకు మార్పించాము. మొత్తం మూడు రోజుల పని, నలుగురు మనుషులు. డబ్బు నా ఇంటిఖర్చులోనుంచే పెట్టాను. మరిదికి చెప్పలేదు. ఇప్పుడు చదువుతాడు.

ఈ పనుల మధ్య మా అమ్మాయి ఒక కోరిక పెట్టింది. దాని స్నేహితురాలు క్రైస్తవుల పిల్ల. క్రిస్మసుకు తలుపుమీద పెట్టే గుండ్రని పచ్చదండ సినిమాల్లో చూసి, బజారులో ప్లాస్టిక్కుది వెల అడిగి బిక్కమొహం వేసిందట. "అమ్మా, మన తోటలో పచ్చదేదైనా దొరకదా?" అంది.

మా అవతల సరుగుడు తోపు వుంది గదా! చల్లని దేశాల్లో దేవదారు కొమ్మలతో కడతారు, మా తీరంలో క్రిస్మసు చెట్టంటే చాలా ఇళ్ళల్లో సరుగుడు కొమ్మే. అది మన చెట్టు కాదు, సముద్రాల అవతలనుంచి వచ్చింది. 19వ శతాబ్దంలో మద్రాసు వైపు రైలింజన్లకు కట్టెలకని తోటలుగా వేశారు, ఇసుకలో హాయిగా పెరిగి ఇక్కడిదైపోయింది. దాని ఆకులనుకునేవి నిజానికి ఆకులు కావు, సన్నని పచ్చ పుల్లలు. ఒకదాన్ని లాగి చూడండి, కణుపు కణుపుగా వూడి వస్తుంది. అసలు ఆకులు ఆ కణుపుల దగ్గర పొలుసుల్లా, కంటికి ఆననంత వుంటాయి.

పచ్చి కొబ్బరి ఈనెలు బొటనవేలంత కట్ట తీసుకుని, బొక్కెన అంచుకు చుట్టి, అరటినారతో నాలుగుచోట్ల బిగించి చక్రం చేశాము. జానెడేసి సరుగుడు రెమ్మలు అయిదారు గుత్తిగా పట్టుకుని, మొదళ్ళు చక్రానికి ఆనించి నారతో రెండు చుట్లు. తరవాతి గుత్తి ముందుదాని మొదళ్ళను కప్పేటట్టు, అంతా ఒకే దిక్కుకు. ఆఖరి గుత్తి మొదటి గుత్తి కిందకు దూర్చాలి, అదొక్కటే కష్టం. చిన్నచిన్న సరుగుడు కాయలు, నాలుగు ఎర్ర మిరపపళ్ళు గుచ్చాము. పిల్ల తీసుకువెళ్ళి తలుపుకు కట్టింది. పది రోజులు నిలిచిందట. గుమ్మంలో పచ్చ పుల్లలు రాలుతూ వుంటే వాళ్ళమ్మ రోజుకు రెండుసార్లు వూడ్చుకుందట, అది మన తప్పే.

సంక్రాంతికి వరికంకుల కుచ్చు మన వాకిట వేలాడదీసేది ఉందిగా, అది మటుకు ఆకులతో కాదు. కోతలప్పుడే గింజ గట్టిపడ్డ కంకులు కాడలతో తెచ్చి, కాడలు తడిపి జడ అల్లాలి. ఎండాక అల్లబోతే విరుగుతాయి. పిచ్చుకలు వచ్చి గింజ తింటే వేలాడదీసినందుకు ఫలం దక్కినట్టే.

పోయిన ఆదివారం మరిది బేరమాడే మనిషిని తీసుకుని తోటకు వచ్చాడు. నేను ముందే వెళ్ళి వున్నాను. పాదులు శుభ్రంగా వున్నాయి, మానులకు నీలపు మందు పట్టీలు, గేటుకు తోరణం. మరిది నావంక చూశాడు, ఏమీ అనలేదు. ఆ వచ్చినాయన కొలతలు అడిగి, "ఈ చెట్లు కొట్టించే ఖర్చు మీదా నాదా?" అన్నాడు. అడిగినతీరు మర్యాదగానే వుంది. బావి దగ్గరి చెట్టుమీద చెయ్యి వేసి, "ఇది వంకరగా వుందేం?" అన్నాడు.

మా మరిది చెప్పడం మొదలుపెట్టాడు. ఆ రోజు మోకు ఏ వైపు వేశారు, ఎవరు ఏ తాడు పట్టుకున్నారు, తనవైపు తాడు ఎలా జారి అరచెయ్యి కోసుకుపోయింది. అరచెయ్యి తెరిచి చూపించాడు కూడా. ఆ తాడు అతను పట్టుకున్నాడని నేను మరిచేపోయాను. వచ్చినాయన గడియారం చూసుకుంటున్నా ఇతను ఆపడు. కొసను వేలితో చూపించి, "మొగ్గ వుబ్బింది చూడండి, పదిహేను రోజుల్లో పూత" అన్నాడు. చివరికి, "ఈ కాపు దింపాక మాట్లాడుకుందాం లెండి" అని పంపేశాడు.

కాపు దిగాక ఏమంటాడో తెలియదు. దారిలో తోట ఖర్చు ఎంతయిందని అడిగాడు. చెప్పాను. సగం ఇస్తానన్నాడు, ఇంకా ఇవ్వలేదు.

ఈ బుధవారం ఆకు అతనే తెచ్చాడు. అత్తగారు మంచం మీద పళ్ళెం పెట్టుకుని, కళ్ళజోడు సర్దుకుని ఒక్కొక్కటే లెక్కపెట్టారు. ఇరవై వచ్చాయి. మళ్ళీ లెక్కపెట్టారు. మళ్ళీ ఇరవయ్యే. చీకటి పడుతోంది, రేపు పొద్దున్న ఎదురింటివాళ్ళ చెట్టుది ఒకటి అడిగి తెస్తానన్నాను.

"ఎదురింటిదెందుకమ్మా," అన్నారావిడ. "వాడి స్కూటరు వుందిగా, వెళ్ళి తెమ్మను."